వార్షిక నివేదిక: ఏరియల్ ఫొటోలు, లంకల కోత

గౌరవ సభ్యులందరికీ నమస్కారం. ఏటి మధ్య లంకల ఒడ్డు ఎంత కోతకు గురవుతోందో ఏరియల్ ఫొటోలతో, అంటే గాలిలోంచి తీసిన ఫొటోలతో, కొలిచే మన పనుల ఈ ఏడాది వివరాలు సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను.

మనకు ఎంతో పేరు తెచ్చింది హైస్కూలు ఆవరణలో పెట్టిన ఏరియల్ ఫొటోల ప్రదర్శన. 1858లో ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ నాడార్ పారిస్ దగ్గర బెలూన్ ఎక్కి తీసిన తొలి ఫొటో సంగతితో మొదలుపెట్టాం. బెలూన్ మూతి నుంచి వచ్చే గ్యాసు తగిలి ఆయన ప్లేట్లు పదేపదే నల్లబడ్డాయి. ఆ తొలి ఫొటో ఇప్పుడు లేదు. మిగిలినవాటిలో పాతది 1860లో జేమ్స్ వాలెస్ బ్లాక్ తీసిన బోస్టన్ ఫొటో. 1888లో ఆర్థర్ బతూ గాలిపటానికి కెమెరా కట్టి, షట్టర్ పడడానికి నిదానంగా కాలే వత్తి పెట్టాడు. భూకంపంలో కూలిన శాన్‌ఫ్రాన్సిస్కోను 1906లో జార్జ్ లారెన్స్ గాలిపటాల వరుసతో సుమారు 600 మీటర్ల ఎత్తు నుంచి తీశాడు. అందరూ ఎక్కువసేపు ఆగింది స్టీరియోస్కోప్ (జంట ఫొటోలను రెండు కళ్లతో ఒకేసారి చూపే పరికరం) బల్ల దగ్గర. 60 శాతం భాగం రెండింటిలోనూ పడేలా తీసిన జంట ఫొటోలను అందులో చూస్తే ఏటిగట్టు ఎత్తు, కొబ్బరిచెట్ల ఎత్తు కళ్లకు కడతాయి. హాలు ఇచ్చిన ప్రధానోపాధ్యాయులకు, బల్లలు మోసిన విద్యార్థులకు, సామాను ఉచితంగా ఏరు దాటించిన పంటువారికి కృతజ్ఞతలు.

లంకలో గాలిపటంతో ఫొటోలు తీసే పనికి వచ్చేవారు ఇవి గుర్తుంచుకోవాలి. కొబ్బరితోట వెనక గాలి సుడి తిరుగుతుంది, అక్కడ పటం ఎగరేయకూడదు. మధ్యాహ్నం సముద్రపు గాలి నిలకడగా వీచేటప్పుడు ఇసుక తిన్నె మీద నుంచి వదలాలి. కెమెరాను పటానికి కట్టొద్దు, పటం ఊగితే అదీ ఊగుతుంది. దారం మీద 30 మీటర్లు కిందకి వేలాడదీస్తే కుదురుగా ఉంటుంది. షట్టర్ 1/1000 సెకను, రెండు మూడు సెకన్లకో ఫొటో. గాజుపొడి మాంజా ససేమిరా వద్దు, కరెంటు తీగల దగ్గరకి అసలే పోవద్దు. నేల మీద గుర్తులకు సున్నం చల్లితే మంచుకు, మేకల కాళ్లకు చెరిగిపోతుంది. మీటరు పొడవు తెల్లగుడ్డ పట్టీలను అడ్డంగా నిలువుగా పరిచి మేకులు కొట్టాలి. ప్రతి ఫొటోలో కనీసం సగం నేల పడాలి. నీళ్ల మీద స్థిరమైన గుర్తు ఉండదు కాబట్టి ఫొటోలను ఒకదానికొకటి అతకడం సాఫ్ట్‌వేర్‌కు సాధ్యం కాదు. గాలికి ఊగే కొబ్బరాకుల విషయంలోనూ అదే ఇబ్బంది, అక్కడ 80 శాతం కలిసేలా తీయాలి.

లంక ఒడ్డు కోత కొలిచేటప్పుడు చాలామంది నీటి అంచు గీస్తున్నారు. అది తప్పు. వేసవి ఫొటోనూ వరద ఫొటోనూ పక్కన పెడితే నీరు జరిగినంతా కోతలా కనిపిస్తుంది. ఒడ్డు పైఅంచునే గీయాలి. ఫొటో మధ్య నుంచి దూరమయ్యేకొద్దీ చెట్ల తలలు బయటికి వాలినట్టు పడతాయి కనుక మొదలు దగ్గరే కొలవాలి. పాత ఫొటోతో సరిపోల్చడానికి గుడి, తూము, లాకు లాంటి కదలని గుర్తులు కనీసం నాలుగు తీసుకోవాలి.

చట్టం లెక్కలో గాలిపటం కూడా విమానమే. అందుకే సంబంధిత కార్యాలయాన్ని ముందుగానే రాతపూర్వకంగా అనుమతి అడిగాం. ఆ కార్యాలయం నెలల తరబడి ఫైలు కదపలేదు. పాత ఏరియల్ ఫొటోల నకళ్లు ఇవ్వాల్సిన మరో కార్యాలయం నుంచి ఈ రోజుకీ జవాబు లేదు. గట్టు తెగాక పరిహారం లెక్కలు రాసుకునే అధికారులకు, తెగకముందు గట్టు ఎక్కడుందో చూపే ఫొటోలు ఎందుకు అక్కర్లేదో అర్థం కావడం లేదు.

జమాఖర్చులు ఆడిటర్ చూసి సంతకం చేశారు. పట్టిక నోటీసు బోర్డులో ఉంది. చందా బాకీలు ఈ నెలలో కట్టేయండి.

సభ్యులకు మరో మాట. దారం పట్టడానికి ఇద్దరు, గుర్తులు పరచడానికి ఇద్దరు, నోట్సు రాయడానికి ఒకరు తప్పనిసరి. పేర్లిచ్చినవారిలో సగంమంది కూడా రేవుకు రాలేదు. ఉన్న కొద్దిమందే ఎండలో రెండేసి పనులు చేశారు, ఈ నివేదికలోని ఫలితమంతా వాళ్లదే. వరద ఎర్రనీరు రాకముందే మళ్లీ అదే గుర్తుల మీద ఫొటోలు తీయాలి. రాగలవారే పేర్లు ఇవ్వండి.

కార్యదర్శి