డబ్బా మీద ఒక మాట, కరపత్రంలో ఇంకో మాట

సంపాదకులు గారికి నమస్కారములు.

గత నెల శ్రీకాకుళంలోని ఒక కల్యాణ మండపంలో పెద్దవారి కోసం ‘ఉచిత రక్తనాళ పరీక్షా శిబిరం’ పెట్టారు. నరసన్నపేట నుంచి వచ్చిన మా బావగారితో పాటు నేనూ వెళ్లాను. ల్యాప్‌టాప్‌కు తీగతో కలిపిన ఒక లోహపు కడ్డీని గుప్పిట్లో పట్టుకోమన్నారు. నిమిషం తిరగకుండానే, రక్తనాళాల సాగే గుణం తగ్గిందనీ, మెదడుకు రక్త ప్రసరణ మందగించిందనీ ముప్పై పేజీల నివేదిక అచ్చయి వచ్చింది. రక్తం చుక్క తీయలేదు సరికదా, చేతికి బీపీ పట్టీ కూడా కట్టలేదు. వరుసలో నా ముందున్నాయనకూ, వెనకున్నావిడకూ ఇంచుమించు అవే ఫలితాలు. పక్క బల్ల మీదే డబ్బాలు పేర్చి ఉన్నాయి. నెలకు సరిపడే పొడి 3,200 రూపాయలు, మూడు కొంటే తగ్గింపు. మా బావగారు మూడూ కొన్నారు.

ఇంటికి వచ్చాక డబ్బాను భూతద్దంతో చదివాను. బీట్‌రూట్ పొడి, ఎల్-ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం, వెల్లుల్లి సారం, ద్రాక్ష గింజల సారం అని ఉంది. అడుగున, ఆహార లైసెన్సు సంఖ్య పక్కన, ఆవగింజంత ఇంగ్లీషు అక్షరాలతో ‘ఔషధంగా వాడుటకు కాదు’ అన్న హెచ్చరిక ఉంది. డబ్బాతో పాటు ఇచ్చిన తెలుగు కరపత్రంలో మాత్రం ‘రక్తనాళాల పూడికలు కరుగును, జీవితాంతం మాత్రలు మింగే బాధ తప్పును’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఈ తేడా చూపిస్తే, ‘‘అదేదో వాళ్ల రూలు బావా, మనకు చెప్పాల్సింది తెలుగులో చెప్పారు కదా’’ అన్నారాయన. ఆ నమ్మకంతోనే రోజూ వేసుకునే టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్ర మానేశారు. పద్దెనిమిదో రోజు తెల్లవారుజామున కళ్లు తిరిగి పెరట్లో కూలబడితే ఆసుపత్రికి తీసుకువెళ్లాం. బీపీ 190/110 ఉంది. పక్షవాతం రాకపోవడం మా అదృష్టం.

కరపత్రంలో రాసిందంతా కల్పన అని నేను అనను. రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేసి నాళాలను వదులుగా ఉంచుతుందని కనుగొన్నందుకే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. వయసు పెరిగేకొద్దీ ఆ సామర్థ్యం తగ్గుతుంది. బీట్‌రూట్‌లోనూ, తోటకూర, పాలకూర వంటి ఆకుకూరల్లోనూ ఉండే నైట్రేట్‌ను మన నాలుక మీది సూక్ష్మజీవులు మార్చి పెడితే శరీరం దాని నుంచి అదే వాయువును తయారుచేసుకుంటుంది. దానివల్ల బీపీ పై అంకె సగటున నాలుగైదు పాయింట్లు తగ్గవచ్చు. అది మాత్రలకు బదులు కాగలదనడానికి ఆధారాలు లేవు. ఆర్జినిన్ సంగతి మరీ ఆందోళనకరం. గుండెపోటు వచ్చిన 153 మందిపై అమెరికాలో జరిపి 2006లో ప్రచురించిన పరీక్షలో, ఆర్జినిన్ తీసుకున్న వర్గంలో ఆరుగురు మరణించారు, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న వర్గంలో ఒక్కరూ మరణించలేదు. దాంతో కొత్తవారిని చేర్చుకోవడమే ఆపేశారు. ఈ పొడిలో లేకపోయినా గుండెకు మంచిదని అమ్మే చేపనూనె గుళికలను 25,871 మందిపై ఐదేళ్లకు పైగా పరీక్షించినా గుండెపోటు, పక్షవాతం వంటి ప్రధాన ముప్పులు మొత్తంమీద చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ఆశ కలిగించే పరిశోధనలూ లేకపోలేదు. 60 నుంచి 79 ఏళ్ల వారికి ఆరు వారాల పాటు మైటోక్యూ అనే యాంటీఆక్సిడెంట్ పదార్థం ఇస్తే చేతి ధమని వ్యాకోచం 42 శాతం మెరుగైందని 2018లో కొలరాడో పరిశోధకులు ప్రకటించారు. కానీ అందులో పాల్గొన్నవారు ఇరవై మందే. ఇరవై మంది ధమని కొలతను పట్టుకుని ఒక జిల్లా వృద్ధులందరికీ హామీ ఇవ్వడం తగదు.

మన జిల్లాలో దీనికి మరో కోణం ఉంది. వరుసలో నా వెనకున్న ఆవిడది ఉద్దానం ప్రాంతంలోని కవిటి మండలం. కిడ్నీల పనితీరును చూపే క్రియాటినిన్ రక్తంలో ఎక్కువగా ఉందని డాక్టర్లు చెప్పారంటూనే ఆవిడ కూడా డబ్బా తీసుకున్నారు. కారణం ఇప్పటికీ ఇదమిత్థంగా తేలని కిడ్నీ జబ్బుతో ఉద్దానం ఎన్ని ఇళ్లను పోగొట్టుకుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. మూత్రపిండాలు బలహీనపడినవారి ఒంట్లో పొటాషియం నిలిచిపోతుంది. బీట్‌రూట్ పొడిలో అది పుష్కలంగా ఉంటుంది. టెల్మిసార్టాన్ వంటి మాత్రలు వేసుకునేవారిలో అది మరింత పెరగవచ్చు, బాగా పెరిగితే గుండె లయ తప్పవచ్చు. గుండెకు స్టెంటు వేయించుకుని రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారు వెల్లుల్లి సారాన్ని గాఢంగా తీసుకుంటే రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. ఆ శిబిరంలో ‘మీరు ఏ మందులు వాడుతున్నారు’ అని ఒక్కరినీ అడగలేదు.

ధమనులు గట్టిపడటం, గుండె జబ్బులు, అధిక రక్తపోటు... ఈ మూడూ 1954 నాటి అభ్యంతరకర ఔషధ ప్రకటనల చట్టం షెడ్యూలులో ఉన్నాయి. వాటిని నయం చేస్తామని మందులకే ప్రకటన ఇవ్వకూడదన్నప్పుడు, ఆహారమని లైసెన్సు పొందిన పొడికి ఆ మాట ఎలా చెల్లుతుంది? ఆహార పదార్థాలపై తప్పుదారి పట్టించే ప్రకటనకు 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. అయితే డబ్బా మీది వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలునన్న నిబంధన ఇలాంటి వ్యాపారానికి బాగా కలిసివస్తోంది. ఆశ తెలుగులోనూ, హెచ్చరిక ఇంగ్లీషులోనూ అమ్ముతున్నారు. తెలుగు జిల్లాల్లో అమ్మే ప్రతి డబ్బా మీదా ఆ హెచ్చరిక తెలుగులో, కరపత్రంలోని అక్షరాలంత పెద్దగా ఉండాలని ఆదేశించాలనీ, ఇలాంటి శిబిరాలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసి ఆహార భద్రత, ఔషధ నియంత్రణ అధికారులు కలిసి తనిఖీ చేయాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

మా బావగారు మళ్లీ మాత్ర వేసుకుంటున్నారు. మిగిలిన రెండు డబ్బాలూ మూత తీయకుండా, కరపత్రంతో సహా మా ఇంట్లోనే ఉన్నాయి. అధికారులు ఎవరు అడిగినా రసీదుతో పాటు అప్పగిస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం