డిగ్రీ ఫస్టియర్ పిల్లలను మొదటి రెండు వారాలు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టండి సార్: ఉన్నత విద్యామండలి చైర్మన్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ఉన్నత విద్యామండలి చైర్మన్ గారికి నమస్కారం.

సార్, నేను ఒక జిల్లా కేంద్రంలో డిగ్రీ కాలేజీ గేటుకు ఎదురుగా నెట్ సెంటర్ నడుపుతున్న. జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, ప్రాజెక్టు టైపింగ్, స్పైరల్ బైండింగ్ అన్నీ చేస్తం. 2016లో డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌ల అప్లై చేసుకునే దోస్త్ పోర్టల్ మొదలైన సంది ఇంటర్ పాసైన పిల్లలు ముందు మా అసుంటోళ్ళ దగ్గరికే వస్తరు, ఆ తర్వాతనే కాలేజీ మొహం చూస్తరు. అందుకే వాళ్ళకు ఏం వచ్చు ఏం రాదు అనేది లెక్చరర్ల కన్నా ముందు మాకే తెలుస్తది. అది మీదాకా చేరాలనే ఈ ఉత్తరం రాస్తున్న.

దోస్త్ రిజిస్ట్రేషన్ అప్పుడు ఏం జరుగుతదో చూడండి. పిల్ల కుర్చీ పక్కన నిలబడి ఉంటది, వాళ్ళ నాయిన మెమోలు, ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్ల పట్టుకుని ఇంకో పక్కన ఉంటడు. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చదివి చెప్పుడే పిల్ల పని. 200 రూపాయల ఫీజు ఆన్‌లైన్‌లో కట్టేది మేము, వెబ్ ఆప్షన్లు పెట్టేది మేము, సీటొచ్చినంక ఆ సీటు తీసుకుంటున్నమని ఆన్‌లైన్‌ల చెప్పే సెల్ఫ్ రిపోర్టింగ్ కొట్టేది మేము. మెయిల్ ఐడీ ఉందా అమ్మా అంటే లేదంటది, అదీ మేమే తీస్తం, పాస్‌వర్డ్ కూడా మేమే పెడతం. దోస్త్ ఐడీ, పిన్, మెయిల్ పాస్‌వర్డ్ అన్నీ మా నోటుబుక్కులనే ఉంటయ్, వాళ్ళే రాసి పెట్టమంటరు, ఎందుకంటే స్కాలర్‌షిప్‌కు ఈపాస్ వెబ్‌సైట్‌ల అప్లై చేసేటప్పుడు మళ్ళా మా దగ్గరికే రావాలె కదా. మూడేండ్ల తర్వాత పీజీ ఎంట్రెన్స్‌కు అప్లై చేయనీకి వచ్చి కూడా "అన్నా, నా మెయిల్ ఏందో జర చూడవా" అని అడుగుతరు. డిగ్రీ పూర్తయింది గానీ వాళ్ళ మెయిల్ వాళ్ళ చేతికి రాలేదు సార్.

ఇప్పుడు మీరు, దేశంల యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ వాళ్ళు పెడుతున్నవన్నీ ఈ మెయిల్ మీదనే నడుస్తయ్. ఆన్‌లైన్‌ల కోర్సులు చదువుకునే కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్ 2017లో వచ్చింది, ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా అందులో చేసుకుని క్రెడిట్లు తెచ్చుకోవచ్చని 2021లో యూజీసీ రూల్ కూడా పెట్టింది. మంచి ముచ్చటే. కానీ అసైన్‌మెంట్ గడువు ఈ రాత్రితో అయిపోతదని మెయిల్ వస్తే అది ఎవరు చూడాలె? పిల్లగానికి లాగిన్ తెలవదు, నేను నా పనిల ఉంట.

ఇంకో మాట, ఈ పిల్లలకు ఫోన్ రాదని కాదు. ఫోన్‌లో రీల్ ఎడిట్ చేస్తరు, నిమిషంల అప్‌లోడ్ చేస్తరు, నాకన్నా ఫాస్ట్. దాన్ని చూసి పెద్దోళ్ళు, లెక్చరర్లు కూడా, ఈ తరానికి అన్నీ వచ్చు అనుకుంటున్నరు, అక్కడనే తప్పు జరుగుతున్నది. ఫోన్ వేరు, కీబోర్డు ముందర కూర్చుని రెండు పేజీలు రాసుడు వేరు. మా దగ్గర కంప్యూటర్ ఇచ్చి నువ్వే టైప్ చేయమ్మా అంటే హెడ్డింగ్ మధ్యలకు రానీకి స్పేస్ బార్ కొట్టుకుంట పోతరు, కొత్త పేజీ రానీకి ఎంటర్ కొట్టుకుంట పోతరు, ఆ తర్వాత మీద ఒక లైను కలిపితే కిందివన్నీ చెదిరిపోయి ఏడుపు మొహం పెడతరు. ఫైల్ ఎక్కడ సేవ్ అయిందో తెలవదు, పీడీఎఫ్ ఎట్ల చేయాలో తెలవదు, చివరికి స్క్రీన్‌ను ఫోన్‌తోటి ఫోటో తీసి సార్‌కు వాట్సాప్ చేస్తరు. ఇంట్ల కంప్యూటర్ ఉంటే కదా తెలిసేది. దేశంల పల్లెల్లో 4.4 శాతం ఇండ్లల్లోనే కంప్యూటర్ ఉందని 2017-18 నేషనల్ శాంపిల్ సర్వేలో తేలింది. తర్వాత పెరిగి ఉండొచ్చు, మాకైతే పెరిగినట్టు కనపడేది ఫోన్లే. ఎంబీఏ, ఎంసీఏ సీట్లకు ఐసెట్, మిగతా పీజీ సీట్లకు సీపీగెట్ అన్నీ కంప్యూటర్ మీద రాసే పరీక్షలు, కొంతమంది పిల్లలు మౌస్ సక్కగ పట్టుకునేది ఆ ఎగ్జామ్ హాల్లనే మొదటిసారి.

మీరు ఏం చేయలేదని నేను అనను. ఉస్మానియా లాంటి యూనివర్సిటీల 2019 సిలబస్‌లో ఫస్టియర్‌కు బేసిక్ కంప్యూటర్ స్కిల్స్ అని 2 క్రెడిట్ల పేపర్ పెట్టిన్రు. పేరు చూసి నేనైతే మస్తు సంతోషపడ్డ. కానీ ఆ పేపర్ కోసం పిల్లలు మా దగ్గరికి వచ్చింది ప్రాక్టీసుకు కాదు, గైడు జిరాక్సుకు. అందుల ఉండే ప్రశ్నలు ఇవి: ర్యామ్ అంటే ఏమి, రోమ్ అంటే ఏమి, ఇన్‌పుట్ డివైజులు ఐదు రాయుము. బట్టీ పట్టి రాసి పాసైన పిల్లే తెల్లారి వచ్చి లీవ్ లెటర్ టైప్ చేసి పెట్టన్నా అంటది. మా ఎదురుంగ కాలేజీల ల్యాబ్ ఉంది, కానీ అది కంప్యూటర్స్ గ్రూపోళ్ళదే అన్నట్టు ఉంటది, బీఏ హిస్టరీ పిల్లగాడు అందులకు పోయిన ముచ్చట నేను ఇప్పటిదాకా వినలేదు.

కంప్యూటర్ కన్నా పెద్ద బాధ రాసుడు దగ్గర ఉంది. పదో తరగతి దాకా, కొంతమంది ఇంటర్ దాకా తెలుగు మీడియంల చదివి డిగ్రీల ఇంగ్లీష్ మీడియంకు వచ్చిన పిల్లలు క్లాసుల డౌట్ అడగరు. సార్‌కు మెయిల్ పెట్టాలంటే సబ్జెక్ట్ లైన్ ఖాళీగ ఉంటది, పేరుండదు, రోల్ నంబర్ ఉండదు, "సార్ ప్లీజ్ మార్క్స్" అని ఒక ముక్క పంపుతరు. సార్ జవాబివ్వడు, ఎవరో తెలిస్తే కదా ఇచ్చేది.

పోయినేడు ఒక పిల్ల మెమోలో ఇంటిపేరు తప్పు పడ్డదని వచ్చింది. ఎప్పుడు అప్లై చేసిందీ, ఏ సెమిస్టర్ మెమోల తప్పు ఉందీ, పాత మెమోల కరెక్టుగా ఉన్నదీ అన్నీ తెలుగుల ఎంత సాఫుగ చెప్పిందంటే మధ్యల నేను ఒక్క ప్రశ్న అడిగే పని పడలేదు. ఇదే రాయి అంటే మాత్రం నాకు రాదన్నా అన్నది. షాపుల గిరాకీ లేదు, కూర్చోబెట్టిన. సబ్జెక్ట్ లైన్‌లో హాల్ టికెట్ నంబర్ పెట్టించిన, మొదటి వాక్యంల నువ్వెవరు, రెండో దాంట్ల తప్పేంది, మూడో దాంట్ల నీకేం కావాలె, కింద పేరు, ఫోన్ నంబర్, రెండు మెమోలు స్కాన్ చేసి అటాచ్. ఒక్క వేలుతోటి కొట్టింది, గంట పట్టింది, కానీ మొత్తం తనే రాసింది. మెమో సరై వచ్చినంక ఆ పిల్లే ఇద్దరు దోస్తులను తీసుకొచ్చి వాళ్ళకు తనే పక్కన కూర్చుని చూపించింది. తెలివి లేక కాదు సార్, ఎవరూ పక్కన కూర్చోక.

ప్రాజెక్టుల సంగతి చెప్తే మీకు కోపం రావచ్చు. ఫైనలియర్‌ల పిల్లలు పెన్ డ్రైవ్‌ల సీనియర్ల ప్రాజెక్టు తెస్తరు, పేరు మార్చి బంగారు అక్షరాల కవర్ వేయమంటరు. లోపల కృతజ్ఞతల పేజీల వేరే కాలేజీ ప్రిన్సిపల్ పేరు అట్లనే ఉంటది, అదీ పాసైపోతది. ఇప్పుడు ఏఐ వచ్చినంక పెన్ డ్రైవ్ కూడా అక్కర్లేదు, ఫోన్‌ల అడిగి కాపీ కొడుతున్నరు, ఒక్కోసారి చివర్ల "మీకు ఇంకేమైనా సాయం కావాలా" అనే లైన్ కూడా ప్రింట్ అయి వస్తున్నది. పీహెచ్‌డీ థీసిస్‌లో 10 శాతం దాటి కాపీ ఉండొద్దని 2018లో యూజీసీ రూల్ తెచ్చింది. మరి చదివిన దాన్ని సొంత మాటల్ల ఎట్ల రాయాలె, ఏ పుస్తకం నుంచి తీసుకున్నమో ఎట్ల చెప్పాలె అనేది ఫస్టియర్‌ల చెప్పకపోతే ఇంకెప్పుడు చెప్తరు?

కాదు, కుదరదు అనొద్దు సార్. బాసర ట్రిపుల్ ఐటీ 2008లో పెట్టినప్పుడు పల్లెటూరి గవర్నమెంట్ బళ్ళల్ల పది చదివిన పిల్లలనే ఎక్కువగ తీసుకుని చేతికి లాప్‌టాప్ ఇచ్చిన్రు కదా, వాళ్ళు నేర్చుకున్నరు కదా. అందరికీ లాప్‌టాప్ ఇయ్యమని నేను అడుగుతలేను. ఉన్న ల్యాబులను మొదటి రెండు వారాలు గ్రూపుతోటి సంబంధం లేకుండా ఫస్టియర్ మొత్తానికి తెరవండి, బీఏ, బీకాం పిల్లలకు ముందు ఇయ్యండి. ప్రతి పిల్లకు కాలేజీ తరఫున మెయిల్ ఐడీ ఇచ్చి, పాస్‌వర్డ్ మర్చిపోతే అక్కడనే మార్చుకునే ఏర్పాటు చేయండి. ఆ కంప్యూటర్ పేపర్‌కు రాత పరీక్ష తీసేసి, ఒక మెయిల్ పంపు, ఒక పేజీ టైప్ చేసి పీడీఎఫ్ చెయ్, చదివిన పాఠం పది వాక్యాల్ల రాయి అని చేయించి మార్కులు వెయ్యండి. తెలుగుల రాస్తా అన్నోళ్ళకు యూనికోడ్‌ల టైప్ చేసుడు నేర్పండి, తెలుగుల బాగ రాయగలిగినోళ్ళు ఇంగ్లీషుల కూడా రాస్తరు. సాయంత్రం పూట సీనియర్ పిల్లలనే ల్యాబ్‌ల కూర్చోబెట్టి నెలకింత అని ఇయ్యండి, నేర్చుకునేటోళ్ళకు భయం ఉండదు, వీళ్ళకు ఖర్చులకు ఉంటది.

దీనితోటి నా గిరాకీ తగ్గుతదని ఇంట్ల కూడా అన్నరు. తగ్గనీయండి సార్, జిరాక్స్ నడుస్తది. వచ్చే దోస్త్ నోటిఫికేషన్ లోపల ఒక్కసారి మీరు ఏదైనా జిల్లా కాలేజీకి పోయి, ఫస్టియర్ బీఏ పిల్లలతోటి ల్యాబ్‌ల అరగంట కూర్చుని మీ ముందరనే ఒక మెయిల్ రాయించి చూడండి. ఆ తర్వాత పైన అడిగినవి ఈ అకడమిక్ ఇయర్ నుంచే పెట్టాలా, వచ్చే ఏడు పెట్టాలా అనేది మీరే నిర్ణయించండి.

ఇట్లు,
కాలేజీ గేటు ఎదురుంగ నెట్ సెంటర్ నడిపే ఒక మనిషి