ఇంతమంది యాగీలు ఎక్కణ్ణుంచి వచ్చారంటే

బుజ్జీ,

ఆదివారం ఫోన్లో నువ్వడిగినదానికి అప్పుడే చెబుదామనుకుంటే, మీ అమ్మ ఫోను లాక్కుని పచ్చళ్ల పార్సిల్ సంగతి మొదలెట్టింది. అందుకే రాస్తున్నా. మీ యూటా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు "మేం యాగీలం" (Aggies, జట్లకీ విద్యార్థులకీ ముద్దుపేరు) అంటారు, నీ రూమ్మేటు వాళ్లన్న చదివే టెక్సస్ ఏ అండ్ ఎం వాళ్లూ అదే అంటారు, ఎవరు ఎవర్ని చూసి కాపీ కొట్టారు నాన్నా అన్నావు. (మీ అమ్మ అయితే "యాగీ చేసేవాళ్లనా?" అని ఇంకా నవ్వుతోంది.) ఎవరూ కాపీ కొట్టలేదురా. అవన్నీ ఒకే చట్టం కింద పుట్టిన కాలేజీలు.

జస్టిన్ మోరిల్ అని వెర్మాంట్ రాష్ట్రం నుంచి అమెరికా కాంగ్రెస్ (అంటే వాళ్ల పార్లమెంటు) సభ్యుడు ఉండేవాడు. కమ్మరి కొడుకు. రైతుల పిల్లలకీ, పనివాళ్ల పిల్లలకీ పెద్ద చదువు అందాలని బిల్లు పెడితే 1859లో ప్రెసిడెంట్ బుకానన్ తిప్పికొట్టాడు. మళ్లీ పెట్టాడు. అంతర్యుద్ధం నడుస్తుండగానే 1862 జూలై 2న లింకన్ సంతకం చేశాడు. ఒక్కో రాష్ట్రానికి, కాంగ్రెస్‌లో ఎంతమంది సభ్యులుంటే మనిషికి 30,000 ఎకరాల చొప్పున ప్రభుత్వ భూమి ఇస్తారు. అది అమ్మిన డబ్బుతో వ్యవసాయం, యంత్రవిద్య నేర్పే కాలేజీ నడపాలి. ఆ రెండిటి ఇంగ్లీషు మాటల (అగ్రికల్చరల్, మెకానికల్) మొదటి అక్షరాలే టెక్సస్ వాళ్ల ఏ, ఎం.

ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకునేసరికి ఇంకో ఇబ్బంది వచ్చింది. "అగ్రికల్చరల్ అండ్ మెకానికల్ కాలేజ్" అని గ్యాలరీలో కూర్చుని ఎవడరుస్తాడు? మొదట్లో చాలాచోట్ల ఉత్త "ఫార్మర్స్" అనేవాళ్లు, టెక్సస్ జట్టునీ అలాగే పిలిచారు. తర్వాత అగ్రికల్చర్‌ని కుదించి "యాగీ" అన్నారు, అదే అంటుకుపోయింది. బాపట్లలో మనం ఏజీ కాలేజీ, ఏజీ బీయెస్సీ అన్నట్టే. 1888లో అగ్రికల్చరల్ కాలేజీగా మొదలైన మీదీ అంతే, అదే ఏడు పుట్టిన న్యూమెక్సికో వాళ్లదీ అంతే. కాలిఫోర్నియా యూనివర్సిటీకి పొలంగా మొదలైన డేవిస్ వాళ్లకి ఆ పేరు కాక ఇంకేం వస్తుంది!

నన్నడిగితే పేరు ఉంచుకున్న వాళ్లకంటే వదిలించుకున్న వాళ్ల కథే బావుంటుంది. మిషిగన్ వాళ్లూ ఒకప్పుడు యాగీలే. 1925లో "మిషిగన్ అగ్రికల్చరల్ కాలేజ్" కాస్తా "మిషిగన్ స్టేట్ కాలేజ్" అయ్యాక జట్టుకి కొత్త పేరు కోసం పోటీ పెట్టారు. "మిషిగన్ స్టేటర్స్" గెలిచింది. జార్జ్ ఆల్డర్టన్ అనే క్రీడా విలేకరికి అది బొత్తిగా రుచించలేదు. ఓడిపోయిన ఎంట్రీలన్నీ తిరగేసి "స్పార్టన్స్" ఏరుకుని, తన పత్రికలో అదే రాసుకుంటూ పోయాడు. చివరికి అదే నిలిచింది. బహుమతి గెలిచినతని మొహం ఎలా ఉండుంటుందో పాపం! కనెక్టికట్ వాళ్లు 1933లో పేరు మార్చుకుని, ఆ మరుసటేడే హస్కీలయ్యారు. మసాచుసెట్స్ వాళ్లూ వదిలేశారు. కొలరాడో వాళ్లు 1957 దాకా ఆగి, యూనివర్సిటీ హోదా వచ్చాక పూర్తిగా "రామ్స్" అయ్యారు. యూనివర్సిటీ అన్నాక అన్ని చదువులూ ఉంటాయి, నిజమే. కానీ హోదా పెరిగిన ప్రతిచోటా ముందు పొలం పేరే ఎందుకు బరువైందో, ముప్పై ఏళ్లు పొలాల గట్ల మీద తిరిగినవాణ్ణి, నాకు కొంచెం గుచ్చుకుంటుంది.

ఇందులో మనకో చుట్టరికం ఉంది. 1964లో మన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు అమెరికా నుంచి సాయంగా వచ్చింది కాన్సస్ స్టేట్ వాళ్లు. మోరిల్ చట్టం కింద తొలిరోజుల్లోనే, 1863లో తెరిచిన కాలేజీ అది. పాఠం, పరిశోధన, రైతు దగ్గరకెళ్లి చెప్పే విస్తరణ, మూడూ ఒకే కప్పు కింద ఉండాలన్న పద్ధతి ఆ కాలేజీలదే. నేను చదువుకున్నదీ, ఆపైన ఉద్యోగం చేసిందీ ఆ పద్ధతిలోనే. కాన్సస్ జట్లూ పూర్వం యాగీలేనట. మనకి పాఠం చెప్పేనాటికి వైల్డ్‌క్యాట్స్ అయిపోయారు!

గ్రీన్స్‌బరో పేరు విన్నావా? నార్త్ కరోలినాలో ఉంది. 1890లో రెండో మోరిల్ చట్టం వచ్చింది. నల్లవాళ్లని చేర్చుకోండి, లేదా వాళ్లకి వేరే కాలేజీ పెట్టండి అంది. దక్షిణాది రాష్ట్రాలు వేరే కాలేజీలే పెట్టాయి. అలా 1891లో వచ్చింది నార్త్ కరోలినా ఏ అండ్ టీ (టీ అంటే టెక్నికల్). 1960 ఫిబ్రవరి 1న వూల్‌వర్త్ దుకాణంలో తెల్లవాళ్లకే వడ్డించే కౌంటర్ దగ్గర కూర్చుని, లేవమంటే లేవని నలుగురు కుర్రాళ్లూ అక్కడి విద్యార్థులే. వాళ్లూ యాగీలే, ఇవాళ్టికీ.

ఇంకోటి కూడా తెలుసుకో. ఆ 30,000 ఎకరాల లెక్కలో పంచిన భూమి ఊరికే ఖాళీగా పడున్నది కాదు. ఆదివాసీ తెగల దగ్గర ఒప్పందాల పేరిట కొంత, బలవంతాన కొంత గుంజుకున్నది. వాళ్ల చేతికొచ్చింది చాలాచోట్ల నామమాత్రం, కొన్నిచోట్ల అదీ లేదు. మీ క్లాసులో ఎవరైనా ఈ మాట ఎత్తితే ఏమన్నారో నాకు రాయి.

సెలవుల్లో ఫ్రెండ్స్‌తో కొలరాడో వెళ్తానన్నావుగా. ఫోర్ట్ కాలిన్స్ పక్కన కొండ మీద ఒక పెద్ద "ఏ" అక్షరం ఉంటుంది. 1923లో వేసింది. జట్టు పేరు పోయినా ఏటా పిల్లలు దానికి తెల్లరంగు కొడుతూనే ఉన్నారు. ఫొటో తీసి పంపు. మంచు పడితే తెలుపు మీద తెలుపు ఏం కనపడుతుంది, అంతకుముందే వెళ్లిరండి.

ఉంటాను,
మీ నాన్న