ఊటీలో బండి ఎక్కడ ఆపాలి? తగువు కొత్తది కాదు

సంపాదకుడు గారికి,

బండిలో ఊటీ వెళ్లాలంటే ముందుగా ఆన్‌లైన్లో తీసుకోవాల్సిన ఈ-పాస్ మీద వస్తున్న వార్తలు, పాఠకుల ఉత్తరాలు చదువుతున్నాను. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి పాస్ పెట్టారు. 2025 ఏప్రిల్ నుంచి సీజన్లో మామూలు రోజుల్లో 6,000, శని ఆదివారాల్లో 8,000 బళ్లకు మించి ఊటీ ఉన్న నీలగిరి జిల్లాలోకి రానివ్వకూడదన్నారు. టీఎన్ 43 నంబరున్న లోకల్ బళ్లకు మినహాయింపు ఉంది. మనవాళ్లకు దీని మీద మహా కోపం. కొండెక్కడానికి కూడా పర్మిషనా అంటున్నారు.

నేను విజయవాడ ఆటోనగర్లో ముప్పై ఏళ్లకు పైగా షెడ్డు నడిపి మానుకున్న మెకానిక్‌ని. అందరూ ఎన్ని బళ్లు ఎక్కాలన్న లెక్క దగ్గరే ఆగిపోతున్నారు. ఎక్కిన బండి ఎక్కడ నిలబడాలి అని ఎవరూ అడగడం లేదు. ఊటీ కష్టమంతా అక్కడే ఉంది, అదీ మోటారు వచ్చిన రోజుల నుంచీ.

ఊటీ చెరువు దేవుడిచ్చింది కాదు. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1820ల్లో కొండవాగులకు కట్ట వేయించి నిలిపిన నీళ్లు. అప్పుడది ఇప్పటికంటే చాలా పెద్దది. ఇవాళ మనం బస్సు దిగే స్టాండు, గుర్రప్పందేల మైదానం, లేక్ పార్కు, ఈ మూడూ ఒకప్పుడు నీళ్లున్న చోటే లేచాయి. అంటే మొదట గుర్రాలకు, తర్వాత బస్సులకు చెరువే చోటిచ్చింది. బోటింగుకు క్యూలో నిలబడే మనవాళ్లకు ఈ సంగతి చెప్పేవాళ్లు లేరు.

రైలు చరిత్ర మాత్రం అందరికీ కంఠతా వచ్చు. 1899లో కొండ కింది మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వచ్చింది. 2005లో యునెస్కో గుర్తింపు. బాగానే ఉంది. మరి ఆ పక్కనే ఘాట్ రోడ్డు మీద ఎద్దుబళ్లను, టాంగాలను పక్కకు నెట్టి ఎక్కిన మోటారు సంగతేమిటి? వేసవి వస్తే మద్రాసు గవర్నరు ఆఫీసు మొత్తం ఫైళ్లతో, గుమాస్తాలతో ఊటీకి మకాం మార్చేది. మైసూరు మహారాజుకు ఫెర్న్‌హిల్, నిజాంకు సెడార్స్, ఇలా సంస్థానాల బంగ్లాలు అక్కడ ఉండేవి. అలాంటి ఊళ్లకు కార్లు రాకుండా ఎలా ఉంటాయి? చాలాచోట్ల తొలి గ్యారేజీలు గుర్రపు సాలలే. గడ్డి మేటు వేసిన చోట పెట్రోలు డబ్బాలు చేరాయి. గుర్రం కాసినవాడు బండి తుడిచే క్లీనరు అయ్యాడు.

ఆ రోజుల్లో బండిని కొండెక్కించడమంటే ఏమిటో మా వృత్తివాళ్లకు అర్థమవుతుంది. ఊటీ 2,240 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి పలచన, ఇంజను బలం ఐదో వంతు దాకా పడిపోతుంది. గాలినీ పెట్రోలునూ కలిపే కార్బొరేటర్ కింద సరిపోయినా పైకి వెళ్లేసరికి పెట్రోలు ఎక్కువ తాగి నల్లపొగ కక్కుతుంది, పెట్రోలు కొలిచి వదిలే జెట్ మార్చి ట్యూనింగ్ చేయాల్సిందే. మేట్టుపాళయం, కూనూరు మధ్య 14 హెయిర్‌పిన్ మలుపులు. రేడియేటర్ మరిగితే బండి ఆపి, తడిగుడ్డ వేసి మూత తిప్పి, ఆవిరి పోయేదాకా ఆగి నీళ్లు పోయాలి. తొందరపడితే చెయ్యి కాలుతుంది, చన్నీళ్లు ఒక్కసారిగా పోస్తే ఇంజను బ్లాకు చిట్లుతుంది. ఆనాటి ఫోర్డ్ మోడల్ టీ కారుకు పెట్రోలు పంపు లేదు, పెట్రోలు ట్యాంకు నుంచి దానంతటదే కిందికి జారాలి; బండి ముక్కు బాగా పైకి లేస్తే ఇంజనుకు అందదు. అందుకని నిట్టనిలువు ఎక్కుడు వస్తే బండిని తిప్పి రివర్స్ గేరులో ఎక్కించేవాళ్లు. దిగేటప్పుడు బ్రేకుల టెన్షన్ వేరే. ఈనాటికీ ఊటీ నుంచి మసినగుడి వైపు దిగే కల్హట్టి దారిలో 36 మలుపుల మీదుగా బయటి బళ్లను కిందికి దిగనివ్వకపోవడం అందుకే. ఇలాంటి చోట గ్యారేజీ లేకపోతే ఊరికి టూరిజమే లేదు. అయినా ఊటీ కథలో దొరలు, రైలు, తేయాకు కనిపిస్తాయి గానీ చేతులకు గ్రీజు అంటినవాడు కనిపించడు.

మాకూ ఈ కథలో కాస్త వాటా ఉంది. మద్రాసు సింప్సన్ కంపెనీ 1903లో ఆవిరి కారు చేసింది. 1905లో వాళ్లే చేసిన ఆవిరి బస్సు తిరిగింది బెజవాడ, బందరు మధ్యనే. దక్షిణాదిలో మోటారు చరిత్ర రాసేవాళ్లు మద్రాసు మౌంట్ రోడ్డు దగ్గరే ఆగిపోకూడదని నా మనవి.

ఇక ఈ-పాస్ మీద గగ్గోలు పెట్టేవాళ్లకు ఒక మాట. స్విట్జర్లాండులో సెయింట్ మోరిట్జ్ కూడా చెరువుగట్టు ఊరే, డబ్బున్నవాళ్ల విడిది. ఆ రాష్ట్రంలో 1900 నుంచి 1925 దాకా కార్లనే నిషేధించారు. జనం మళ్లీ మళ్లీ ఓట్లు వేసి వద్దన్నారు. కార్లు లేవని ఆ ఊరికి వచ్చేవాళ్లు రాకుండా పోలేదు. మనకు పెట్టింది పాసే కదా!

నా భయం వేరు. రేసుకోర్సు స్థలాన్ని 2024లో తమిళనాడు ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. ఊరి నడిబొడ్డున, చెరువు పక్కన 50 ఎకరాలకు పైగా నేల. అక్కడ పార్కింగ్ కట్టేస్తే బాధ తీరుతుందనే మాట ఏదో ఒక సీజన్లో పైకి రాక మానదు. కడితే అదీ నిండుతుంది, ఆ తర్వాత మళ్లీ చెరువు వైపే చూస్తారు. ఆ నేలను నీటికో, చెట్లకో వదలాలి. బళ్లను మేట్టుపాళయంలోనూ గూడలూరు వైపూ ఆపి, పైకి బస్సులు నడపాలి. పాస్ ఆర్టీసీ బస్సుకూ రైలుకూ అక్కర్లేదు కాబట్టి, మన రెండు రాష్ట్రాల ఆర్టీసీలు వేసవిలో నేరుగా సర్వీసులు వేసినా సగం గోల తగ్గుతుంది. ఊళ్లో మిగిలిన పాత మోటారు షెడ్లు ఏవైనా ఉంటే, రోడ్డు వెడల్పు పేరుతో పడగొట్టే ముందు ఒక్కదాన్నైనా జాకీలు, స్పానర్లతో సహా ఉంచి జనానికి చూపించమని ఆ మునిసిపాలిటీని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెకానిక్,
ఆటోనగర్, విజయవాడ