ఫిల్టర్ అట్ట మీది అంకె

నాన్నా,

నిన్న ఫోన్‌లో "ఇంటి ఏసీకి 16 నంబర్ ఫిల్టర్ వేశానమ్మా, ఇంతకంటే పెద్దది లేదట, ఇక పాపకు పిల్లికూతలు రావు" అన్నావు. నీ గొంతులో ఆ ధీమా విని వెంటనే ఏమీ అనలేకపోయాను. ఆ తర్వాత మాటల్లో మాటగా చివరి గదికి చల్లగాలి సరిగ్గా రావట్లేదని, గదుల గాలి తిరిగి యంత్రంలోకి పోయే రిటర్న్ గ్రిల్ దగ్గర ఈల వేసినట్టు చప్పుడవుతోందని చెప్పావు. అవి వేరే సంగతులు కావురా. నువ్వు పెట్టిన ఫిల్టరే ఆ ఈల వేస్తోంది.

మీ తాతయ్యకు ఆయాసం ఎక్కువైన రోజుల్లో నేనూ ఇదే చేశాను. అంగుళం మందం ఫిల్టర్లలో దొరికిన అన్నిటికంటే పెద్ద అంకె తెచ్చి పెట్టాను. మూడో రోజుకు గాలి నీరసించింది. మెకానిక్ వచ్చి పలక విప్పితే ఫిల్టర్ మధ్యకు వంగిపోయి ఉంది. దాని వెనక రాగి గొట్టం మీద బొటనవేలు మందాన మంచు. మండుటెండలో ఇంట్లో అంత మంచు చూసి నోట మాట రాలేదు. కాయిల్ అంటే గాలిని చల్లబరిచే ఆ గొట్టాల చుట్ట. దాని మీదుగా సరిపడా గాలి పోకపోతే, ఆ చలువను తీసుకుపోయే దిక్కు లేక కాయిల్ ఇంకా ఇంకా చల్లబడుతుందట. గాల్లోని తేమ దాని మీదే గడ్డకట్టి, మిగిలిన దారిని కూడా మూసేస్తుంది. చలికాలంలో హీటర్ వేసుకుంటే తిరగబడుతుంది: వేడి బయటికి పోక, ఇంటిని వెచ్చబరిచే ఫర్నేస్ కాగిపోయి, రక్షణ స్విచ్ దాన్ని ఆపేస్తుంది. ఆ మూడు రోజులూ మీ తాతయ్య ఉక్కలోనే పడుకున్నారు. ఒక్క మాట అనలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. నువ్వా తప్పు చేయకూడదనే ఇంత రాస్తున్నాను.

ఫిల్టర్ అట్ట మీద మెర్వ్ అని ఉంటుంది చూడు, అది 'మినిమమ్ ఎఫిషియెన్సీ రిపోర్టింగ్ వాల్యూ'కు పొట్టి పేరు. ఆష్రే అనే ఇంజనీర్ల సంఘం 52.2 ప్రమాణం కింద పెట్టిన లెక్క. అందులో 'మినిమమ్' అన్న మాట నాకు చాలా నచ్చుతుంది. పరీక్షలో ఫిల్టర్‌కు విడతలవారీగా దుమ్ము పట్టిస్తూ, ప్రతిసారీ ఎంత ఆపిందో కొలుస్తారు. వచ్చినవాటిలో అన్నిటికంటే తక్కువదే లెక్కకు తీసుకుంటారు.

ధూళిని సైజును బట్టి మూడు వరసలు చేస్తారు: 3 నుంచి 10 మైక్రాన్లు, 1 నుంచి 3, చివరికి 0.3 నుంచి 1. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, దాన్నిబట్టి ఊహించుకో. మెర్వ్ 8 ఫిల్టర్ పెద్ద వరసలో కనీసం 70 శాతం ఆపాలి, నడిమి వరసలో 20 శాతం. సన్నవాటికి అది ఏ పూచీ ఇవ్వదు. 11కు వస్తే ఇవి 85, 65 అవుతాయి, సన్నవాటిలో కూడా 20 శాతం చిక్కుతాయి. 13లో 90, 85, 50. నువ్వు తెచ్చిన 16 మూడింటిలోనూ 95 ఆపాలి. అంకె 8 నుంచి 16 అయింది కాబట్టి పని రెండింతలు అనుకుంటే లెక్క తప్పుతుంది. పెద్ద దుమ్ము విషయంలో 8కి, 13కి మధ్య తేడా అంత పెద్దది కాదు. సన్న ధూళి దగ్గరే అసలు తేడా అంతా.

మరి పాపను ఇబ్బంది పెడుతున్నది ఏది? పుప్పొడి అయితే పెద్దది, తక్కువ అంకెకే దొరుకుతుంది. అసలు చాలా భాగం ఫిల్టర్ దాకా రాకుండానే నేల మీద, పక్కల మీద వాలిపోతుంది. అందుకని తడిగుడ్డతో తుడవడం, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకడం మానకండి. పొగ అయితే దాదాపు అంతా 1 మైక్రాన్ లోపలే, దానికి 13 దాకా వెళ్లాల్సిందే. వాసనలు, గ్యాసులు ఈ ఫిల్టర్లకు చిక్కవు. కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరుగా ఉండి తీరాలి.

ఇక మందం. పెట్టె మీద అంకె చూసినంత శ్రద్ధగా దీన్ని ఎవరూ చూడరు, నాకు అదే బాధ. ఫిల్టర్ కాగితం మడతలు మడతలుగా ఉంటుంది కదా. 4 అంగుళాల ఫిల్టర్‌లో ఆ మడతలు లోతుగా ఉంటాయి, విప్పి పరిస్తే అంగుళం దానికంటే ఎన్నో రెట్లు పరుచుకుంటుంది. అదే గాలి అంత జాగాలోంచి నెమ్మదిగా, సులువుగా పోతుంది. అందుకే 4 అంగుళాల 13, అంగుళం 13 కంటే బ్లోయర్‌కు, అంటే గాలి తోసే ఫ్యాన్‌కు, తేలిక. గాలి ఒత్తిడిని నీటిమట్టం అంగుళాల్లో కొలుస్తారు. చాలా ఇళ్ల యంత్రాలను మొత్తం 0.5 అంగుళాల నీటి పీడనాన్ని దృష్టిలో పెట్టుకుని చేస్తారు. ఫిల్టర్, గాలి పోయే డక్టులు, గ్రిల్లులు అన్నీ ఆ అరంగుళం పీడనంలోనే సర్దుకోవాలి. మెకానిక్‌ను పిలిచి ఫిల్టర్‌కు ముందూ వెనకా పీడనం కొలవమను. పది నిమిషాల పని. మీ స్లాట్‌లో 4 అంగుళాలది పట్టదంటే, పెద్ద చట్రం అమర్చడం కుదురుతుందేమో అడుగు. కుదరకపోతే 8 లేదా 11తో ఆగి, పాప పడుకునే గదిలో విడిగా గాలిని శుభ్రం చేసే ఒక హెపా యంత్రం పెట్టు. హెపా 0.3 మైక్రాన్ల దగ్గర 99.97 శాతం ఆపుతుంది, దానికి సరిపడా ఫ్యాన్ దానిలోనే ఉంటుంది. నన్నడిగితే నీ డబ్బు అక్కడే పెట్టమంటాను.

పెట్టెల మీద 1500, 1900 లాంటి అంకెలు కూడా కనబడతాయి. అవి ఎంపీఆర్, 3ఎం వాళ్ల సొంత కొలత. ఎఫ్‌పీఆర్ అని ఇంకోటి ఉంది, 10 దాకానే. ఎఫ్‌పీఆర్ 10 అంటే మెర్వ్ 10 కాదు. ఐఎస్‌ఓ 16890 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చేసినవాటి మీద ఈపీఎం1, ఈపీఎం2.5 అని నేరుగా సైజు, పక్కన శాతం ఉంటాయి.

కొత్తది పెట్టేటప్పుడు బాణం గుర్తు బ్లోయర్ వైపు ఉండాలి. పాత ఫిల్టర్ పారేసే ముందు దాని అట్ట అంచు చూడు. అంచు వెంబడి నల్లటి చార ఉంటే గాలి పక్కసందులోంచి దూరిపోతోందన్నమాట, అప్పుడు లోపల ఏ అంకె ఉన్నా ఒకటే. అట్ట మీద రాసిన కొలత, అసలు కొలత తరచు పావంగుళం అరంగుళం తేడా ఉంటాయి. టేపు పెట్టి కొలుచుకుని వెళ్లు.

ఇప్పటికి ఆ 16ను తీసేసి ఇంతకుముందు వాడిన రకమే కొత్తది పెట్టు. కాయిల్ మీద మంచు కనబడితే కూలింగ్ ఆపి ఫ్యాన్ ఒక్కటే తిప్పు, మొత్తం కరిగేదాకా కంప్రెసర్ జోలికి వెళ్లకు. ఫిల్టర్ మార్చామని పాపకు డాక్టర్ రాసిన ఇన్‌హేలర్ మాత్రం ఒక్క పూట కూడా ఆపకండి, కోడలికి కూడా నా మాటగా చెప్పు.

స్లాట్ ఫోటో తీసి పంపు, పక్కన టేపు కనబడేలా. రాత్రి పాప ఎలా నిద్రపోయిందో పొద్దున్నే ఫోన్ చేసి చెప్పు.

అమ్మ