సోమశిల దగ్గర పది నిమిషాలు

సంపాదకుల వారికి నమస్కారం.

నేను ఆత్మకూరులో టెంపో ట్రావెలర్ నడుపుతాను. పెన్న మీద సోమశిల డ్యామ్ గేట్లు ఎత్తారని టీవీలో రెండు ముక్కలు చెప్పారంటే చాలు, ఆ సాయంత్రం నుంచి నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. నెల్లూరు నుంచి, కావలి నుంచి, ఒక్కోసారి కందుకూరు నుంచి కూడా చేస్తారు. అందరూ అడిగేది ఒకటే: "అన్నా, పెంచలకోన గుడికి పోతున్నాం గదా, దారిలో సోమశిల దగ్గర ఒక్క పది నిమిషాలు ఆపు, ఫొటోలు దిగి వచ్చేస్తాం."

నెల్లూరు వాళ్లకు సోమశిల పెంచలకోన దారిలో లేదు. పొదలకూరు, రాపూరు మీదుగా కోనకు పోయే దారి వేరు. సంగం, ఆత్మకూరు, అనంతసాగరం మీదుగా సోమశిలకు వచ్చే దారి వేరు. ఈ రెండో దారిలో నెల్లూరు నుంచి సుమారు 80 కిలోమీటర్లు ఉంటుంది. రెండూ ఒకే రోజు చూడొచ్చు, కాదనను. కానీ తెల్లవారుజామున బయలుదేరాలి. పొద్దున పదిలోపు డ్యామ్ దగ్గరికి చేరితే ఎండ గేట్ల మీద పడుతుంది, ఫొటోలు బాగా వస్తాయి. టిఫిన్లు తిని, ఇంకెవరి కోసమో ఆగి, మిట్టమధ్యాహ్నానికి చేరితే ముఖాలు నల్లగా వచ్చాయని మళ్లీ నన్నే అడుగుతారు.

ఇక ఆ పది నిమిషాల సంగతి. బండి ఆగగానే అందరూ తలోదిక్కు పోతారు. ఆడవాళ్లు ముందు బాత్రూమ్ ఎక్కడని అడుగుతారు. మేం ఆపుకునే రోడ్డు పక్కన కంపచెట్లు తప్ప ఏమీ ఉండవు. పెద్దవాళ్లు నీడ వెతుక్కుంటారు. కుర్రాళ్లు మాత్రం నేరుగా కిందికి దిగుతారు. పైనుంచి చూస్తే గేట్లు దూరంగా ఉంటాయి గదా, ఫోన్లో చిన్నగా పడతాయి. అందుకని నీళ్లకు దగ్గరగా పోవాలని చూస్తారు. కట్ట మీదికి రానివ్వకపోతే కాపలా మనిషితో వాదన. ఆయన పని ఆయన చేస్తున్నాడు, నేను తప్పు పట్టను. పొమ్మన్నాక ఎక్కడికి పోవాలో చెప్పే బోర్డు ఒకటి ఎదురుగా ఉంటే ఆ వాదనే ఉండదు.

ఒకసారి జరిగింది చెబుతాను. గేట్లు కొంచెమే ఎత్తి ఉన్నాయి. నీళ్ల తుంపర గాలికి మా మీదికి కూడా వస్తోంది. ఒక అమ్మాయి చీర కొంగు తల మీద కప్పుకుని నవ్వుతా నిలబడింది, వాళ్ల తమ్ముడు ఫొటో తీస్తున్నాడు. ఫ్రేములో గేట్లన్నీ పట్టడం లేదని వెనక్కి వెనక్కి అడుగులేస్తూ బండల మీదికి దిగాడు. ఆ బండల మీద సన్నటి పాచి, ఎండలో చూస్తే తడిలాగే కనిపిస్తుంది. ఒక చెప్పు జారి నీళ్లలో పడింది. కొత్త చెప్పులట, వంగి చెయ్యి చాచాడు. సరిగ్గా అప్పుడే పైన సైరన్ మోగింది. మా బండిలో వచ్చిన ఒక పెద్దాయన "షిఫ్టు మారిందేమో" అన్నాడు. ఎవరూ కదల్లేదు. పక్కన వల సర్దుకుంటున్న చేపల మనిషి ఒకతను మాత్రం వల అక్కడే పడేసి, "నీళ్లు పెంచుతున్నారు, ఎక్కండయ్యా పైకి" అని గట్టిగా అరిచి పిల్లాణ్ణి చొక్కా పట్టుకుని లాగాడు. కాసేపటికి ఆ చెప్పు పడిన బండ కనిపించలేదు. ఆ పిల్లాడు ఒంటి చెప్పుతో బండెక్కి, కోన వచ్చేదాకా నోరు విప్పలేదు.

అందులో నా తప్పు కూడా ఉంది. దిగేముందు సైరన్ గురించి ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు చెబుతున్నాను.

వచ్చేవాళ్లకు అర్థం కానిది ఇంకొకటుంది. మన దగ్గర చుక్క వాన ఉండదు, ఎండ కాస్తూ ఉంటుంది, అయినా గేట్లు ఎత్తుతారు. పెన్న పుట్టింది కర్ణాటకలో నంది కొండల దగ్గర. చిత్రావతి, పాపాఘ్ని, కుందూ, సగిలేరు, చెయ్యేరు అన్నీ కలుపుకుని సోమశిలకు వస్తుంది. అనంతపురంలోనో కడపలోనో కురిసిన వాన మన దగ్గర ఎండపూట దిగుతుంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. ఆ నీళ్లు కూడా పెన్నలో కలిసి ఇక్కడికే వచ్చాయి. ఆ రోజుల్లో సోమశిల నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదిలారు. డ్యామ్ దిగువన సోమేశ్వరాలయం దెబ్బతింది. నెల్లూరు దాటాక పడుగుపాడు దగ్గర రైలు పట్టాల మీదికి నీళ్లొచ్చాయి. ఇవన్నీ చూసిన జిల్లా మనది. అయినా మళ్లీ గేట్లు ఎత్తితే బండల మీదికి దిగుతూనే ఉన్నాం.

మీ పత్రికకు కూడా ఒక మనవి. రోజూ మూలన "సోమశిల: ఇన్‌ఫ్లో ఇంత, అవుట్‌ఫ్లో ఇంత, నిల్వ ఇన్ని టీఎంసీలు" అని వేస్తారు. దాని పైన నురగలు కక్కే గేట్లు, ముందు నిలబడ్డ జనం ఫొటో పెద్దగా వేస్తారు. అంకెలు ఎవరూ చదవరు, ఫొటో చూసి నాకు ఫోన్ చేస్తారు. మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, వాడు లెక్క వేసి చెప్పాడు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. లక్ష క్యూసెక్కులు వదిలారంటే మన ఇళ్లకొచ్చే 20 లీటర్ల వాటర్ క్యాన్లు సెకనుకు 1,40,000 ఒలకబోసినట్టు. అలా వదిలితే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, పోవడానికి మూడు గంటలు కూడా పట్టదు. డ్యామ్ మొత్తం పట్టేది 78 టీఎంసీలు. ఈ క్యాన్ల లెక్క చెప్పినప్పటి నుంచి నా బండిలో కుర్రాళ్లు కొంచెం ఆలోచించి దిగుతున్నారు. మీరు వేస్తే నాకంటే ఎక్కువ మందికి చేరుతుంది.

జనాన్ని రావద్దంటే ఆగరు. పన్నెండు గేట్లు, అటూ ఇటూ వెలిగొండ కొండలు, మధ్యలోంచి దూకే పెన్న. ఎన్నిసార్లు వచ్చినా నేనే బండి తలుపు పట్టుకుని ఒక నిమిషం చూస్తాను. అందుకని అధికారులను అడిగేది పెద్ద ప్రాజెక్టేం కాదు. గేట్లు బాగా కనిపించే ఎత్తైన చోటు ఒకటి చూసి, ఇనుప కంచె వేసి, "ఫొటోలు ఇక్కడ తీసుకోండి" అని తెలుగులో పెద్దక్షరాలతో రాస్తే చాలు. దాని పక్కన ఒక నల్లబల్ల. ఈరోజు ఎన్ని గేట్లు ఎత్తారు, ఎంత నీరు వదులుతున్నారు, సైరన్ మోగితే ఏం చెయ్యాలి. పొద్దున ఎవరో ఒకరు సుద్దముక్కతో రాస్తే సరిపోతుంది. నాలుగు బండ్లు ఆగే జాగా, ఆడవాళ్లకు బాత్రూమ్. వరద బాగా ఉన్న రోజు ఎవరినీ పోనివ్వం అంటే, ఆ మాట అనంతసాగరం దగ్గరే చెప్పేస్తే మేం అటునుంచి అటే వెనక్కి తిప్పుకుంటాం. డ్యామ్ దాకా వచ్చాక పొమ్మంటే పిల్లల ఏడుపు, పెద్దల టెన్షన్, చివరికి ఏదో అడ్డదారిన నీళ్లలోకి దిగడం.

ఆ బల్ల మీద ఇంకో రెండు వాక్యాలు రాస్తే మాకు పని తగ్గుతుంది. ప్రతి ట్రిప్పులో ఎవరో ఒక పిల్ల "మామా, ఈ నీళ్లు ఎక్కడికి పోతాయి?" అని అడుగుతుంది. ఏట్లోకి వదిలినవి సంగం, నెల్లూరు దాటి సముద్రానికి పోతాయి. వరద కాలువలో పోయేవి కండలేరు చేరి, అక్కడి నుంచి తెలుగుగంగ కాలువలో చెన్నై దాకా తాగునీరుగా పోతాయి. ఇది చెప్పగానే మొన్న ఒక పాప, చెన్నైలో వాళ్ల పిన్ని ఇంటి కుళాయిలో వచ్చేది ఇదేనా అని అడిగి, ఫోన్ పక్కన పెట్టి చాలాసేపు కాలువ వైపే చూసింది. పది నిమిషాలన్నది ముప్పావు గంటైంది. వెయిటింగ్ చార్జీ అడగలేదు.

వచ్చే ఆదివారానికి రెండు బుకింగులు ఉన్నాయి. ఒకదాంట్లో పద్నాలుగు మంది, అందులో ఐదుగురు పిల్లలు. "గేట్లకు ఎంత దగ్గరగా పోనిస్తారన్నా?" అని ఇప్పటికే రెండుసార్లు అడిగారు.

ఇట్లు,
ఒక వ్యాన్ డ్రైవర్,
ఆత్మకూరు, నెల్లూరు జిల్లా.