చిటికెన వేలు తిమ్మిరెక్కుతోందా అని అడగండి

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు 7 జావెలిన్ దినోత్సవమని మీ పేపర్లో నీరజ్ చోప్రా ఫొటో వేశారు. పదో తరగతి చదివే మా అమ్మాయి దాన్ని కత్తిరించి నా కుట్టు మిషన్ పైన గోడకు అంటించింది. తనూ జావెలిన్, అంటే ఈటె, విసురుతుంది.

నాకు చూపు ఆనదు కాబట్టి సూదిలో దారం తనే ఎక్కించేది. సంక్రాంతి బట్టలు కుడుతున్న ఒక రాత్రి మూడుసార్లు సూది జారవిడిచింది. "చిటికెన వేలు, పక్క వేలు తిమ్మిరెక్కుతున్నాయమ్మా, ప్రాక్టీస్ అయ్యాక రోజూ ఇంతే" అంది. కోచ్‌ను అడిగితే కండరం పట్టేసింది, స్ప్రే కొట్టుకుని విసరమన్నారు. మేమూ నూనె రాసి ఊరుకున్నాం. అలా రెండు నెలలు పోయాయి.

గుంటూరులో ఎముకల డాక్టర్ బొటనవేలికి, చూపుడు వేలికి మధ్య కాగితం పెట్టి గట్టిగా పట్టుకోమని లాగారు. ఎడమ చేతిలోంచి రాలేదు. కుడి చేతిలో బొటనవేలి కొస వంగిపోయి కాగితం ఊడొచ్చేసింది. నా గుండె జారిపోయింది. మోచేయి గోడకు తగిలితే కరెంటు కొట్టినట్టు జిల్లుమంటుందే, ఇబ్బంది పడుతున్నది ఆ నరమేనట. మోచేతి ఎముక వెనక ఇరుకు సందులోంచి పోతుంది. విసిరిన ప్రతిసారీ సాగుతుంది, ఒరుసుకుంటుంది. మా పిల్ల రోజుకు 60, 70 సార్లు విసిరేదట. లెక్కపెట్టినవాళ్లే లేరు.

విసరడం ఆపించి, రాత్రిళ్లు మోచేయి మడవకుండా టవల్ చుట్టి పడుకోబెట్టమన్నారు. తగ్గకపోతే ఆపరేషన్ చేసి నరాన్ని ముందుకు జరపాల్సి వస్తుందన్నారు. ఆ టెన్షన్‌తో నాలుగు నెలలు గడిపాం. దేవుడి దయవల్ల అంతదాకా రాలేదు. ఇప్పుడు మెల్లగా టెన్నిస్ బంతి విసురుతోంది. చిటికెన వేలి కొసన తిమ్మిరి ఇంకా పూర్తిగా పోలేదు. నీరజ్‌కూ 2019లో కుడి మోచేతికి ఆపరేషన్ అయిందని, ఆయనది నరం సమస్య కాకపోయినా రెండేళ్లకు టోక్యో ఒలింపిక్స్‌లో 87.58 మీటర్లు విసిరాడని తనే నాకు ధైర్యం చెబుతోంది.

అధికారులకు నా మనవి ఒక్కటే. పోటీల దగ్గర స్ప్రే ఉంటోంది, కట్టు గుడ్డ ఉంటోంది. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా అని అడిగే మనిషి లేరు. ఆ కాగితం పరీక్ష పీఈటీలకు నేర్పించండి. పిల్లలు రోజూ ఎన్నిసార్లు విసురుతున్నారో పుస్తకంలో రాయించండి. ఎవరికైనా తిమ్మిరి ఉందంటే ఆ రోజు విసరనివ్వకుండా డాక్టర్ దగ్గరికి పంపండి. జిల్లా సెలక్షన్లు మొదలయ్యేలోగా ఈ పని జరగాలి.

– ఒక క్రీడాకారిణి తల్లి, తెనాలి